గొంతు శస్త్రచికిత్స తరువాత కనురెప్ప వాలినచో

థైరాయిడ్ గ్రంథి గొంతునందుండగా, దాని శస్త్రచికిత్స వలన కనురెప్ప వాలుట యెట్లని మీరడుగవచ్చును. రొమ్మునుండి బయలుదేరి, మెడలోని పెద్ద రక్తనాళము వెనుకగా కంటికి పోవు సన్నని నరముల గొలుసొకటి కలదు. అది సాగినను, గడ్డకట్టిన నెత్తురుచే ఒత్తబడినను ఆ వైపు రెప్ప కొంచెము వాలును, కనుపాప చిన్నదగును, చెంపకు చెమట తగ్గును. 1869లో స్విట్జర్లాండు నేత్రవైద్యుడు హార్నర్ ఈ లక్షణములను వర్ణించెను. ఇది మిక్కిలి అరుదు. దీనివలన చూపు పోదు. నరము సాగుట మాత్రమే జరిగినచో కొన్ని నెలలకు కుదురుకొనవచ్చును, తెగినచో నిలిచిపోవచ్చును.

పక్షవాతమని భ్రమించి కంటిలో ఆకుపసరు పోయువారు కలరు. రెప్ప వాలుటకన్న ఆ పసరే కంటికి ప్రమాదము! అట్టివారిని ఆనాడే శస్త్రము చేసిన వైద్యునియొద్దకు పంపుడు. మెడ వాచి ఊపిరాడకున్నచో క్షణమైనను జాగు చేయక 108కి ఫోను చేయవలెను.