పాట నేర్పుదాం, పత్రం చదవడమూ నేర్పుదాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నేను వృత్తిరీత్యా ఎలక్ట్రానిక్స్ ఇంజనీరును. నాకు పాడటం రాదన్న సంగతి నాతో ప్రార్థన గీతంలో నిలబడ్డ వాళ్ళందరికీ తెలుసు. అలాంటి నేను ఆరేళ్ళుగా హైదరాబాదులో మా కాలనీ కమ్యూనిటీ హాలులో ప్రతి ఆదివారం పొద్దున పిల్లలకు పాటను రికార్డు చేయడం, మిక్స్ చేయడం నేర్పుతున్నాను. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలు పది పన్నెండు మంది వస్తారు. ఆ క్లాసు గురించి చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. చెప్పాక నాదీ ఒక కోరిక ఉంది, అది చివర్లో అడుగుతాను.

మొదటి రోజు నేను ఏ పాటా పెట్టను. అందరినీ మాట్లాడకుండా కూర్చోబెట్టి ఒక నిమిషం ఆ గదినే రికార్డు చేస్తాం. హెడ్‌ఫోన్లో వింటే ఫ్యాను చప్పుడు, వీధిలో ఆటో, ఎవరో కుర్చీ కదిపిన కీచు, అన్నీ ఉంటాయి. అప్పటిదాకా నిశ్శబ్దం అనుకున్నది నిశ్శబ్దం కాదని తెలుస్తుంది. తరవాత గోడకు రెండు బొంతలు వేలాడదీసి మళ్ళీ రికార్డు చేస్తే గది మోత తగ్గుతుంది. వేలు పోసి మైకు కొనేకన్నా ఇంట్లో ఉన్న బొంత ముందు పనికొస్తుందని పిల్లలకు ఆ రోజే అర్థమవుతుంది.

మన బడిలో నేర్చుకున్నవన్నీ అక్కడ మళ్ళీ ఎదురవుతాయి. సీడీ నాణ్యతతో రికార్డు చేసేటప్పుడు కంప్యూటరు శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఎందుకు అన్ని సార్లు? మనిషి చెవికి వినిపించే గరిష్ఠ పౌనఃపున్యం దాదాపు 20,000 హెర్ట్జ్. దాన్ని పట్టుకోవాలంటే అందుకు రెట్టింపు కన్నా ఎక్కువ సార్లు కొలవాలి. లాగ్ 2 విలువ 0.3010 అని లెక్కల మాస్టారు మనచేత బట్టీ పట్టించారు కదా. దాన్ని ఇరవైతో గుణిస్తే ఆరు. శబ్దతరంగం ఎత్తు రెట్టింపైతే మీటరు ఆరు డెసిబెల్స్ పైకి లేస్తుంది. 'లాగరిథమ్స్ ఎందుకు సార్?' అని అడిగే పిల్లలకు ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు. తెలుగు మాస్టారు చెప్పిన గురులఘువులు కూడా అంతే. మాట తాళంలో ఇమడకపోతే ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ కుదించాలో అవే చెబుతాయి.

పరికరాల ఖర్చు పెద్దగా లేదు. ఒక పాత కంప్యూటరు, ఒక యూఎస్‌బీ మైకు, రెండు జతల హెడ్‌ఫోన్లు, ఉచితంగా దొరికే ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేరు. గొంతు వినిపించడం లేదంటే పిల్లలు వెంటనే గొంతు పెంచుతారు. ముందు గొంతుకు అడ్డొస్తున్నదేదో తగ్గించండి అంటాను. ఈ ఒక్క మాట వంటబట్టడానికి రెండు నెలలు పడుతుంది.

ఇదంతా తేలికైన భాగం. కష్టమైన భాగం నిరుడు మొదలైంది.

మా క్లాసులో పదహారేళ్ళ కుర్రాడు ఒకడు సొంతంగా పాట కట్టాడు. మాటలు వాడివే, బాణీ వాడిదే. డప్పు దరువు మాత్రం స్నేహితుడు వాయించాడు. అది నెట్‌లో పెట్టిన కొన్నాళ్ళకు ఒక మ్యూజిక్ కంపెనీ ఫోన్ చేసి, మేం విడుదల చేస్తాం అని రెండు పేజీల ఒప్పందం పంపింది. వాడు పరుగెత్తుకుంటూ తెచ్చాడు. కింద వాళ్ళ అమ్మ సంతకానికి చోటు ఉంది. నేనేమీ చెప్పకుండా, గట్టిగా చదవరా అన్నాను. చదువుతూ చదువుతూ 'సర్వహక్కులు శాశ్వతంగా, ప్రపంచమంతటా' అన్న దగ్గర ఆగాడు. 'అంటే సార్, రేపు నా పాట నేను పాడుకోకూడదా?' అన్నాడు.

ఆ ఆదివారం కంప్యూటరు తెరవలేదు. బోర్డు మీద పాటను మూడు ముక్కలు చేశాను: మాటలు, బాణీ, రికార్డింగు. మూడూ వేరువేరు హక్కులు, మూడింటికీ వేరువేరు యజమానులు ఉండవచ్చు. పిల్లలకు తెలిసిన ఉదాహరణే చెప్పాను. 2023లో 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ వేదిక మీద పాడినవాళ్ళు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. బహుమతి అందుకున్నవాళ్ళు స్వరకర్త కీరవాణి, రచయిత చంద్రబోస్. ఆ బహుమతి పాట కట్టినవాళ్ళకు ఇచ్చేది. పాట వేరు, పాడటం వేరు.

తరవాత చట్టం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. పాట కట్టగానే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మాటల మీద, బాణీ మీద హక్కు కట్టినవాడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు ఉంటుంది. అంటే ఆ రెండు పేజీల మీద వాడు రాసిచ్చేది తన మనవల దాకా వెళ్ళే ఆస్తి. హక్కు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే అని, ఏ దేశాలకో రాయకపోతే ఇండియాకే అని చట్టం అనుకుంటుంది. అందుకే వాళ్ళు 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని మరిచిపోకుండా రాస్తారు. 2012 సవరణతో ఇంకో రక్షణ వచ్చింది. రచయితకు, స్వరకర్తకు రావలసిన రాయల్టీ సగభాగాన్ని వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ వదిలేసుకోవడం కుదరదు, వదులుకున్నట్టు రాసినా చెల్లదు. రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ 1969 నుంచే ఉంది. ఇక మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిల్ తీర్పు ఉంది. అమ్మ సంతకం ఎందుకు అడిగారో అప్పుడు వాడికి అర్థమైంది.

వాళ్ళ అమ్మగారు కుట్టుపని చేస్తారు. ఆవిడే ఫోన్ చేసి, 'ఐదేళ్ళకు ఇస్తాం బాబూ, శాశ్వతంగా అయితే ఇవ్వం' అన్నారు. ఆ కంపెనీ మళ్ళీ ఫోన్ చేయలేదు. కుర్రాడు రెండు వారాలు క్లాసుకు రాలేదు. మీరు ఏదో సినిమా ముగింపు ఆశిస్తారేమో, అలాంటిదేమీ జరగలేదు. ఆ పాట ఇవాళ్టికీ కొన్ని వందల మందే విన్నారు. మూడో వారం వాడొచ్చి ఒక కాగితం నా చేతికిచ్చాడు. మాటలు ఎవరివి, బాణీ ఎవరిది, దరువు ఎవరిది, డబ్బులొస్తే ఎవరికెంత అని రాసి, స్నేహితుడి చేత కూడా సంతకం పెట్టించాడు. తన హక్కు తెలిసినవాడికి పక్కవాడి హక్కు కూడా కనిపించింది.

అప్పటినుంచి మా క్లాసులో ఆ వాటాల కాగితం లేకుండా ఏ పాటా బయటికి వెళ్ళదు. దాని దగ్గర పిల్లలు గట్టిగానే పోట్లాడుకుంటారు. డబ్బు రాకముందు పోట్లాడుకోవడమే మంచిది. అమ్మమ్మ దగ్గర విన్న ఊరి పాటైతే సొంతమని రాసుకోకూడదు. జానపదం అని, ఎవరి నోట విన్నారో వారి పేరు రాయాలి.

ఈ రంగంలో అందరికీ బతుకు దొరుకుతుందని నేను పిల్లలకు చెప్పను. పాటలు కట్టి బతికేవాళ్ళు కొద్దిమందే. కానీ డబ్బింగు, పెళ్ళిళ్ళలో సభల్లో సౌండు, ఆడియో పుస్తకాలు, ఇలా చెవి బాగా పనిచేసేవాడికి పని ఉంటుంది. దేనికైనా సంతకం పెట్టేముందు చదవాల్సిందే. ఇంటి అద్దె ఒప్పందానికైనా, ఉద్యోగం కాగితానికైనా ఆ అలవాటే పనికొస్తుంది.

ఇప్పుడు నా కోరిక. సైన్సు ల్యాబు వెనక సామాన్ల గది ఖాళీగా ఉందని హెడ్‌మాస్టరు గారు చెప్పారు. దాన్ని పిల్లలకు ఇప్పించండి. కంప్యూటరు, మైకు నేను తెస్తాను, నెలకో ఆదివారం వస్తాను. బొంతలు మాత్రం మీ ఇళ్ళనుంచి పంపండి. ఇంకో సంగతి. మన పూర్వ విద్యార్థుల్లో లాయర్లున్నారు, ఆడిటర్లున్నారు, బ్యాంకు వాళ్ళున్నారు. ఏడాదికి ఒక్కొక్కరు ఒక్క ఆదివారం ఇవ్వండి. శబ్దం గురించి నేను చెప్పగలను, ఒప్పందం గురించి నాకన్నా మీరు బాగా చెప్పగలరు. పేర్లు రాసుకోవడానికి బయట టేబుల్ దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టాను. మొదటి పేరు నాదే ఉంది, రెండోది మీలో ఎవరిదో కావాలి.