కావడిబద్ద చెప్పిన లెక్క



గణితమన్నను, భౌతికశాస్త్రమన్నను మన పిల్లలలో పెక్కుమందికి భయము. దానిని పోగొట్టుటలో ఉపాధ్యాయునికెంత పని కలదో ఇంటి పెద్దలకును అంత పని కలదు. ఈ సంగతి నేనొక బాలుని వలన నేర్చుకొంటిని.

ఒకనాడు నేను బడిలో తులాదండ సూత్రమును బోధించుచుంటిని. బరువును దూరముచే హెచ్చవేయగా వచ్చు ఫలము రెండు ప్రక్కలను సమానమైనప్పుడే దండము నిలుచునని బల్లమీద వ్రాసి వల్లె వేయించితిని. ఒక బాలుడు ఎన్నిమారులడిగినను తప్పే చెప్పెను. నేను విసిగి, “నీకు లెక్కలు రావు” అంటిని. మరునాటినుండి అతడు బడికి రాలేదు.

వారము దినములు చూచి వారి యింటికి పోతిని. అరుగుమీదనున్న తాతగారు, “పంతులుగారూ, మా వంశములో ఎవరికిని లెక్కలు రావు. వీనికి మాత్రమెట్లు వచ్చును? ఏదైన పనిలో పెట్టెదము” అనిరి. ఇంతలో ఆ బాలుడు కావడితో నీళ్లు తెచ్చెను. ఒకవైపు పెద్దకడవ, రెండవవైపు చిన్నకడవ. భుజము బద్ద నడుమ లేదు. పెద్దకడవకు దగ్గరగా నున్నది. “నడుమ ఏల మోయలేదురా?” అంటిని. “పెద్దకడవ వైపు వంగిపోవునండీ” అనెను. నాకు సిగ్గు కలిగెను. నేను బల్లమీద వ్రాసినది వాని భుజమునకు ముందే తెలియును.

వెంటనే కొలిచితిమి. పెద్దకడవ సుమారు 20 కిలోలు, చిన్నది 10. ఉట్టికి ఉట్టికి నడుమ 3 మూరలు. భుజము పెద్దకడవకు 1 మూర, చిన్నదానికి 2 మూరల దూరము. ఇరువదిని ఒకటిచే, పదిని రెండుచే హెచ్చవేసినను 20 వచ్చును. బద్దకును కొంత బరువు గలదు గనుక అసలు కొలతలో ఇంచుక తేడా యుండును. పిమ్మట, “పెద్దకడవ 30 కిలోలైనచో?” అని యడిగితిని. తాతగారే ముందుగా, “మూరకు తక్కువ, అరమూరకు ఎక్కువ” అనిరి. బాలుడు నేలమీద లెక్కవేసి, “ముప్పాతిక మూర” అనెను. అదియే సరి. ఆ వంశములో లెక్క లేదని యెవరనగలరు?

కావున ముందు వస్తువు, తరువాత బొమ్మ, ఆపైన సూత్రము. ఏతము, పలుగు, కత్తెర అన్నియు తులాదండములే. పావులో పావు వీసమని తెలిసిన పెద్దలు భిన్నముల గుణకారమును తెలిసినవారే. రెండు మూరల కర్రకు మూడు మూరల నీడ పడువేళ, తాటిచెట్టు నీడ 30 మూరలున్నచో చెట్టు ఎత్తు 20 మూరలు. ఇది సరూప త్రిభుజముల పాఠము. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. గణితమును మన మాటలలో చెప్పుట మనకు క్రొత్త కాదు.

ఆ బాలుడు మరల బడికి వచ్చెను. గొప్ప గణితవేత్త యయ్యెనని చెప్పను. పదవ తరగతి మాత్రము గట్టెక్కెను.

పెద్దలారా, “నీకు రాదు” అను మాట నేనొకమారు అని వారము దినముల చదువు పోగొట్టితిని. మీరనకుడు. ఈ రాత్రి మనుమని పిలిచి, “నేడు నేర్చినది నాకు చెప్పుము” అని యడుగుడు. మీ యింటి పనిముట్టొకటి వాని చేతికిచ్చి చెప్పించుకొనుడు. సెలవు.