కళ్ళకలక మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తుంది?

(మహిళా సంఘం సమావేశంలో ఒక నర్సు చేసిన ప్రసంగం)



ఈ రోజు మనం ఒక కంటి జబ్బు గురించి మాట్లాడుకుందాం. అది మనందరికీ తెలిసిన జబ్బే. కళ్ళకలక. కొన్ని ఊళ్ళలో కండ్లకలక అంటారు.

కన్ను ఎర్రబడుతుంది. నీరు కారుతుంది. ఇసుక పడినట్టు గరగరలాడుతుంది. పుసి కడుతుంది. పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోతాయి. వారం, పది రోజులు బాధపెట్టి తగ్గిపోతుంది. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు.

కానీ కొన్ని ఇళ్ళలో అది పోయినట్టే పోయి మళ్ళీ వస్తుంది. "మా పిల్లాడికి ఏడాదిలో ఇది మూడోసారి" అంటారు తల్లులు. "మా ఇంటికి ఏదో దృష్టి తగిలింది" అంటారు. దృష్టి కాదమ్మా. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది. కారణం తెలిస్తే ఆపవచ్చు.

చూస్తే అంటుకుంటుందా?

కళ్ళకలక వచ్చిన వాళ్ళ కళ్ళలోకి చూస్తే మనకూ వస్తుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. చూపు వల్ల రాదు. చేతి వల్ల వస్తుంది.

జబ్బు ఉన్న కంటి నీటిలో, పుసిలో క్రిములు ఉంటాయి. వాళ్ళు కన్ను నలుపుకుంటారు. అదే చేత్తో తలుపు పట్టుకుంటారు. చెంబు పట్టుకుంటారు. మనం ఆ చెంబు పట్టుకుని, అదే చేత్తో మన కన్ను తుడుచుకుంటాం. అంతే. క్రిమి మన కంట్లోకి వచ్చేసింది.

నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటే జబ్బు పాకదని కొందరు అనుకుంటారు. ఆ అద్దాలు ఎండ బాధ తగ్గిస్తాయి. క్రిమిని ఆపవు. క్రిమిని ఆపేది సబ్బు, నీళ్ళు.

జనం ఇరుకుగా ఉన్నచోట ఈ జబ్బు తొందరగా పాకుతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం జరిగింది. లక్షల మంది సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. శిబిరాల్లో కిక్కిరిసి ఉన్నారు. అప్పుడు బెంగాల్ అంతటా కళ్ళకలక పాకింది. అక్కడి జనం ఆ జబ్బుకు "జయ్ బంగ్లా" అని పేరు పెట్టారు. మన తెలుగు రాష్ట్రాల్లో 2023 వానాకాలంలో, జూలై, ఆగస్టు నెలల్లో ఇలాగే పాకింది. బడుల్లో, వసతి గృహాల్లో చాలామంది పిల్లలకు వచ్చింది. మీకు గుర్తుండే ఉంటుంది.

మొదటి కారణం: ఒకటే తువ్వాలు

ఒక ఇల్లు అనుకుందాం. ఇంట్లో ఆరుగురు. దండెం మీద తువ్వాలు ఒకటే. పిల్లాడు బడి నుంచి కళ్ళకలక తెచ్చాడు. ముఖం కడిగి ఆ తువ్వాలుతో తుడుచుకున్నాడు. తర్వాత అక్క తుడుచుకుంది. మూడు రోజులకు అక్క కన్ను ఎర్రబడింది. అమ్మ ఇద్దరి కళ్ళూ పైట కొంగుతో తుడిచింది. అదే కొంగుతో తన ముఖం తుడుచుకుంది. అమ్మకూ వచ్చింది. తర్వాత నాన్నకు వచ్చింది. ఈలోగా పిల్లాడికి తగ్గింది. వాడు మళ్ళీ అమ్మ పక్కన, అదే దిండు మీద పడుకున్నాడు. వాడికి మళ్ళీ అంటుకుంది.

ఇప్పుడు చెప్పండి. జబ్బు మళ్ళీ వచ్చిందా? అసలు ఇంట్లోంచి పోనే లేదా?

పోనే లేదు. తువ్వాలు మీద, దిండు మీద, కొంగు మీద తిరుగుతూనే ఉంది.

లెక్క కూడా వేద్దాం. అమ్మకు, నాన్నకు చెరి 5 రోజులు పని పోయింది. అంటే 10 రోజుల కూలి పోయింది. ఒక తువ్వాలు ఖరీదు ఒక రోజు కూలి కంటే తక్కువ. మనిషికో తువ్వాలు కొనలేకపోతే పాత చీర చింపి మనిషికో గుడ్డ ఇవ్వండి. ఎవరి గుడ్డకు వాళ్ళ రంగు దారంతో గుర్తు కుట్టండి. రోజూ ఉతికి ఎండలో వేయండి.

రెండో కారణం: కాటుక, పాత మందు

కళ్ళకలక వచ్చినప్పుడు ఏ కాటుక వాడామో, తగ్గాక కూడా అదే వాడతాం. ఆ డబ్బాలో క్రిమి ఉంటుంది. వేలితో తీసి పెట్టుకోగానే మళ్ళీ కంట్లోకి వస్తుంది. ఒకే కాటుక తల్లీ కూతురూ పెట్టుకుంటారు. పెళ్ళిళ్ళలో పదిమంది పెట్టుకుంటారు. కళ్ళకలక వస్తే ఆ కాటుక పారేయండి. పసిబిడ్డల కంట్లో కాటుక అసలు వద్దు. దిష్టి చుక్క కావాలంటే అరికాలికి పెట్టండి.

చుక్కల మందు సంగతీ ఇంతే. పోయిన ఏడాది తెచ్చిన సీసా గూట్లో ఉంటుంది. "మందు ఉందిగా" అని వేసేస్తాం. మూత తీసిన సీసా నెల దాటితే వాడకూడదు. ఇక్కడ మీ చదువు పనికి వస్తుంది. సీసా మీద గడువు తేదీ ఉంటుంది. అంకెలు మీకు వచ్చు. నెల, సంవత్సరం చదవండి. గడువు దాటితే తీసుకోకండి. మూత తీసిన రోజున ఆ తేదీని సీసా మీద పెన్నుతో రాయండి. ఒకరి మందు ఇంకొకరికి వేయకండి. సీసా కొన కంటికి తగలనివ్వకండి.

మూడో కారణం: అది అంటు జబ్బు కాకపోవడం

కొందరు పిల్లలకు ప్రతి ఎండాకాలం కళ్ళు ఎర్రబడతాయి. రెండు కళ్ళూ ఒకేసారి దురద పెడతాయి. పిల్లలు నలిపి నలిపి ఏడుస్తారు. తెల్లగా, తీగలాగా పుసి సాగుతుంది. ఇంట్లో మిగతా ఎవరికీ రాదు. ఇది క్రిమి వల్ల కాదు. దుమ్ము, పుప్పొడి, వేడి గాలి పడకపోవడం వల్ల వస్తుంది. దీన్ని ఎలర్జీ అంటారు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఆ పిల్లల్ని దూరంగా కూర్చోపెట్టనక్కర లేదు.

ఈ పిల్లలకు చల్లటి నీటి గుడ్డ కళ్ళ మీద వేస్తే హాయిగా ఉంటుంది. కళ్ళు నలపకూడదు. ఇంట్లో ఊడ్చే ముందు నీళ్ళు చల్లండి. కంటి డాక్టరుకు చూపించండి. సాధారణంగా పిల్లలు పెద్దయ్యే కొద్దీ ఇది తగ్గిపోతుంది.

మన సంగతి కూడా చూసుకుందాం. కట్టెల పొయ్యి దగ్గర కూర్చుంటే పొగకు కళ్ళు మండుతాయి, ఎర్రబడతాయి. మందు వేస్తే ఆ పూటకు తగ్గుతుంది. మర్నాడు పొయ్యి వెలిగించగానే మళ్ళీ మొదలు. ఇక్కడ మార్చవలసింది మందు కాదు, పొగ పోయే దారి. వంటింటికి కిటికీ పెట్టించండి. ఎండు కట్టెలే వాడండి. వీలైతే గ్యాసు వాడండి.

కొందరికి రెప్పల అంచున చుండ్రులాగా పొలుసు పడుతుంది. దాని వల్ల కూడా కళ్ళు మాటిమాటికీ ఎర్రబడతాయి. గోరువెచ్చటి నీటిలో ముంచిన శుభ్రమైన గుడ్డ 5 నిమిషాలు రెప్పల మీద పెట్టాలి. తర్వాత పొలుసు మెల్లగా తుడవాలి. రోజూ ఇలా చేస్తే బాగుంటుంది.

మందుల షాపులో జాగ్రత్త

ఇప్పుడు నేను చెప్పేది బాగా గుర్తు పెట్టుకోండి. కళ్ళకలక చూపు తీసేయడం అరుదు. కానీ తప్పు మందు చూపు తీసేస్తుంది.

కొన్ని చుక్కల మందుల్లో స్టీరాయిడ్ ఉంటుంది. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ అలాంటివి. అవి వేయగానే ఎరుపు పోతుంది. దురద పోతుంది. "ఎంత మంచి మందో!" అనిపిస్తుంది. ఆపగానే మళ్ళీ వస్తుంది. మళ్ళీ అదే సీసా కొంటాం. అలా నెలల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. దానివల్ల నీటికాసులు అనే జబ్బు రావచ్చు. చూపు పక్కల నుంచి మెల్లగా పోతుంది. నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. అలా పోయిన చూపు మళ్ళీ రాదు. శుక్లం కూడా రావచ్చు.

డాక్టరు రాస్తే, చెప్పినన్ని రోజులే వాడండి. షాపులో అడిగి తెచ్చుకోకండి. "ఇందులో స్టీరాయిడ్ ఉందా?" అని నిలబడి అడగండి. అడగడానికి సిగ్గు వద్దు. కన్ను మనది.

చనుబాలు, ఆకుల పసరు, ఆముదం కంట్లో పోస్తారు. అదీ వద్దు. చనుబాలు బిడ్డ కడుపుకు అమృతం. కంటికి మందు కాదు. పసరు వల్ల నల్లగుడ్డు మీద పుండు పడవచ్చు. మానినా పువ్వు మిగిలిపోతుంది.

వస్తే ఏం చేయాలి?

కాచి చల్లార్చిన నీటిలో శుభ్రమైన దూది ముంచండి. ముక్కు వైపు నుంచి చెవి వైపుకు పుసి తుడవండి. ఆ దూది పారేయండి. రెండో కంటికి వేరే దూది తీసుకోండి. ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడగండి. తువ్వాలు, దిండు గలీబు వేడి నీళ్ళలో ఉతికి ఎండలో వేయండి. నీరు, పుసి ఆగే వరకు పిల్లల్ని బడికి పంపకండి. వాళ్ళను చెరువులో ఈతకు వెళ్ళనివ్వకండి.

వైరస్ వల్ల వచ్చిన కళ్ళకలకకు యాంటీబయాటిక్ చుక్కలు పని చేయవు. అది దానంతట అదే ఒకటి, రెండు వారాల్లో తగ్గుతుంది. పచ్చగా చిక్కటి చీము వస్తుంటే బ్యాక్టీరియా కావచ్చు. అప్పుడు డాక్టరు మందు రాస్తారు. కన్ను బాగైనట్టు కనిపించినా చెప్పినన్ని రోజులూ వేయాలి.

ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకండి. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి:

– కన్ను బాగా నొప్పిగా ఉంటే
– వెలుతురు చూడలేకపోతే
– చూపు మసకబారితే
– నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనిపిస్తే
– కంటికి దెబ్బ తగిలినా, వరి గడ్డి గుచ్చుకున్నా
– పుట్టి నెల కూడా నిండని బిడ్డ కంట్లో చీము వస్తే

చివరిది మరీ ముఖ్యం. పసిగుడ్డు కంట్లో చీము వస్తే గంటలు లెక్క పెట్టుకోవాలి. కొన్ని రకాల క్రిములు ఒకటి, రెండు రోజుల్లోనే చూపు పోగొడతాయి. కొందరు పసిపిల్లలకు కన్నీటి గొట్టం మూసుకుని ఉండి, ఎప్పుడూ నీరు కారుతూ పుసి కడుతుంది. చాలామందికి ఏడాదిలోపు అదే తెరుచుకుంటుంది. దానికి ముక్కు పక్కన ఎలా మర్దన చేయాలో డాక్టరు చూపిస్తారు. కానీ ఏది ఏదో మనం ఇంట్లో తేల్చకూడదు.

ముఖం కడిగితే చూపు నిలుస్తుంది

ఇంత చిన్న పనులతో ఏమవుతుంది అనుకుంటున్నారా? ఒక సంగతి చెప్తాను. ట్రకోమా అని ఒక కంటి జబ్బు ఉంది. అది కూడా చేతుల వల్ల, గుడ్డల వల్ల, ఈగల వల్ల పాకుతుంది. మళ్ళీ మళ్ళీ వచ్చి రెప్ప లోపల మచ్చ కడుతుంది. రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి నల్లగుడ్డును గీస్తాయి. చివరికి చూపు పోతుంది. పిల్లల్ని ఎప్పుడూ దగ్గర పెట్టుకునేది ఆడవాళ్ళు కాబట్టి వాళ్ళకే ఎక్కువగా వచ్చేది. పంజాబు, రాజస్థాన్, గుజరాత్ వైపు ఎంతోమంది దీనివల్ల కష్టపడ్డారు. ప్రభుత్వం 1963లో దీని మీద ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. మందులు ఇచ్చారు. రెప్పలకు ఆపరేషన్లు చేశారు. ముఖం కడుక్కోమని, పరిసరాలు శుభ్రంగా ఉంచుకోమని ఇంటింటికీ చెప్పారు. 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రకటన చేసింది. భారతదేశంలో ట్రకోమా ఇక ప్రజారోగ్య సమస్య కాదు అని చెప్పింది. ముఖం కడగడం అంత పెద్ద పని, అక్కలారా!

ఈ రోజు ఇంటికి వెళ్ళి మూడు పనులు చేయండి. దండెం మీద తువ్వాళ్ళు లెక్క పెట్టండి. గూట్లో మందు సీసాల తేదీలు చదవండి. చేతులు కడిగే చోట సబ్బు ఉందో లేదో చూడండి. మీరు తెలుసుకున్నది చదువు రాని పక్కింటి వాళ్ళకు చదివి వినిపించండి. జబ్బు ఇంటింటికీ పాకుతుంది. మంచి మాట అంతకంటే ముందు పాకాలి.