విడిదియింటి లోపములు, తిరిగి రావలసిన బాడుగ



పూర్వము యాత్రకు పోవువారు సత్రములలో దిగెడివారు. సత్రమున దాత యిచ్చినది పుచ్చుకొనుటయే గాని లోపమెన్నుటకు తావు లేదు. ఇప్పటి విడిదియిల్లు అట్టిది కాదు. సెలవులు వచ్చినచో అరకు, ఉదకమండలము, కొడైకెనాలు వంటి చోట్ల దినమునకింత యని సొమ్ము ముందుగానే చెల్లించి యిల్లు మాటలాడుకొనుచున్నాము. ఇది దానము కాదు, బేరము. అయినను సత్రపు మొగమోటము మనలను విడువలేదు. చెప్పిన వసతి పనిచేయకున్నను, నాలుగు దినములకేమి, సర్దుకొందమని ఊరకుందుము. ఊరు చేరిన పిమ్మట రచ్చబండపై ఆ యజమానిని పదిమందిలో దూషింతుము. దూషించుటకంటె న్యాయముగా రావలసిన భాగమును అడుగుట మేలని నా తలంపు.

ఇట్లడుగుట పరదేశపు బుద్ధి యని కొందరందురు. కాదు. మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమున పేర్కొనిన పదునెనిమిది వివాదపదములలో క్రయవిక్రయానుశయ మనునది యొకటి. కొన్నవాడుగాని అమ్మినవాడుగాని పిమ్మట పశ్చాత్తాపపడినచో పది దినములలోపల సరకు తిరిగి యిచ్చి పుచ్చుకొనవచ్చునని అందలి నియమము. ఇట్టి వ్యవహారధర్మములను మూలఘటిక కేతన 13వ శతాబ్దముననే విజ్ఞానేశ్వరీయముగా తెనిగించెను. కాని సరకునకును బసకును భేదమొకటి యున్నది. నచ్చని వస్త్రమును మడతపెట్టి తిరిగి యీయవచ్చును. నిదురించిన రాత్రిని తిరిగి యిచ్చుట యెట్లు? కనుకనే బస విషయమున సొమ్మంతయు కోరుట తరచుగా చెల్లదు. ఎంత భాగము కోరవలెనను లెక్కయే ముఖ్యము.

నాకు తెలిసిన లెక్క చెప్పెదను. ఒక డిసెంబరు మాసమున మేము అరకులోయలో నాలుగు దినములకు రెండు గదుల విడిది పుచ్చుకొంటిమి. దినమునకు 3,000 రూపాయలు, వెరసి 12,000. వంటయిల్లు లేదు గాని స్నానపుగదిలో గీజరు కలదని ప్రకటనలో స్పష్టముగా వ్రాసియుండిరి. నా భార్యకు కీళ్లనొప్పులు. అక్కడ ఆ నెలలో తెల్లవారుజామున చన్నీళ్లు ముట్టుట యువకులకే కష్టము. గీజరుండుటచేతనే ఆ విడిదిని ఎంచుకొంటిమి. తీరా చూడగా అది పనిచేయలేదు. కాపలాదారు మంచివాడే, పాపము, వానిచేతిలో ఏమియు లేదు. మరమ్మతు చేయువాడు రేపు వచ్చునని ప్రతిదినమును చెప్పెను. ఆ రేపు మూడవనాటి రాత్రికి వచ్చినది. అంతవరకు ఎదుటి టీ దుకాణమునుండి బకెట్టు 30 రూపాయల చొప్పున దినమునకు నాలుగు బకెట్ల వేడినీళ్లు తెప్పించుకొంటిమి.

చేరిననాడే సాయంకాలము యజమానికి ఫోను చేసి చెప్పితిని. చెప్పి ఊరకుండక, అదే మాటను వాట్సాపులో వ్రాసి, వెలుగని గీజరు దీపమును ఫొటో తీయించి జతపరచితిని. రెండవనాడును మూడవనాడును మరల వ్రాసితిని. ఇందు తెలివి యేమియు లేదు. పల్లెలో అప్పుపత్రము వ్రాసికొనువాడు తేదీ వేయడా? అట్టిదే ఇదియు. ఆనాడే చెప్పుటవలన రెండు ప్రయోజనములు కలవు. బాగుచేయుటకు ఎదుటివానికి అవకాశమిచ్చినట్లగును. అక్కడనే యుంటిరిగాన తృప్తిపడితిరని పిమ్మట అనుటకు వానికి వీలుండదు.

తిరిగి వచ్చిన పిమ్మట మా మేనల్లుడు, "మామయ్యా, పన్నెండువేలును అడుగుము" అనెను. నేనొప్పుకొనలేదు. ఆ కప్పు క్రింద నిదురించితిమి, ఆ పరుపులు వాడితిమి, కిటికీనుండి కొండలు చూచితిమి. వానికి వెల లేదా? అదే ఆవరణలో గీజరు లేని ఇట్టి రెండు గదులనే ఆ యజమాని దినమునకు 2,400 రూపాయలకు ఇచ్చుచుండెను. తేడా 600. మూడు దినములకు 1,800. కొన్న వేడినీళ్లకు 360. మొత్తము 2,160. ఈ లెక్కనే వ్రాసి, ప్రకటన ప్రతిని, టీ దుకాణపు చీటిని జతచేసి, పదునైదు దినముల గడువిచ్చి పంపితిని. దూషణవాక్య మొక్కటియు వ్రాయలేదు. మొదట 500 ఇత్తుననెను. తన ధరలతో తన్నే కొలిచినందున మారుమాట దొరకలేదు కాబోలు, పదునొకండవనాడు 2,000 పంపెను. మిగిలిన 160 కొరకు మరల పోరుట నాకు రుచింపలేదు. మా మేనల్లునికి మాత్రము నేటికిని కోపమే.

కొన్ని రశీదుల క్రింద, ఏ కారణముచేతను సొమ్ము తిరిగి యీయబడదని అచ్చువేసియుందురు. దానిని చూచి భయపడి మానుకొనువారు పెక్కురు. ప్రయాణము మానుకొన్నవానికి ఆ మాట వర్తించునేమో గాని, ఇత్తునన్న వసతి ఈయనివానిని ఆ వాక్యము కాపాడునని నేను తలంపను.

యజమాని బొత్తిగా వినడనుకొందము. మన దేశమున వినియోగదారుల రక్షణ చట్టము 1986లో పుట్టి, 2019లో క్రొత్తగా వ్రాయబడి, 2020 జూలైలో అమలునకు వచ్చినది. సేవ యను పదమునకు అందిచ్చిన నిర్వచనములో భోజనము, బస అను మాటలు స్పష్టముగా చేరియున్నవి. ముందుగా 1915 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగుననే మొర చెప్పుకొనవచ్చును. అందువలన తెగనిచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. పాతచట్టము క్రింద సాధారణముగా ప్రతివాదియున్న చోటికో, వ్యవహారము జరిగిన చోటికో పోవలసియుండెడిది. ఇప్పుడు ఫిర్యాదుదారు తాను నివసించు జిల్లాలోనే దాఖలు చేయవచ్చును. రెండువేల రూపాయల కొరకు కొండయెక్కి పోనక్కరలేదు. చెల్లించిన వెల ఐదు లక్షలు మించనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొనకయే స్వయముగా చెప్పుకొనవచ్చును. అయినను చిన్నమొత్తములకు కమిషను మెట్లెక్కుట కడపటి మార్గమే. తిరుగుటకు పట్టు కాలమునకును వెల కలదు గదా.

ఫిర్యాదునకు గడువు కారణము పుట్టిననాటినుండి రెండేండ్లు. అంతవరకు రశీదును చింపవలదు. ఫోనులోని చిత్రములను, వ్రాసికొన్న మాటలను, చోటు చాలదని చెరిపివేయవలదని మనుమలతో ముందుగానే చెప్పియుంచుడు.