పెద్దల సంఘమా, నీళ్ళ సంఘమా?



'మన సంఘం ఏ సంప్రదాయానిది?' అన్న విషయం మీద మాట్లాడమన్నారు. మన నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో ముసలివాళ్ళను అడిగితే 'మనది మిషను చర్చి, దొరగారు పెట్టింది' అంటారు. చదువుకున్న పిల్లలు 'బాప్టిస్టు' అంటారు. ఒక కుర్రవాడు నన్ను ఇంకో మాట అడిగాడు: 'మన సంఘాన్ని నడిపేది పెద్దలే కదా సార్, అట్లయితే మనం ప్రెస్బిటేరియన్లం కామా?' నవ్వి వదిలేసే ప్రశ్న కాదది.

గ్రీకులో ప్రెస్బుటెరోస్ అంటే వయసులో పెద్దవాడు. మన తెలుగు బైబిల్లో ఆ మాటకు 'పెద్ద' అనే ఉంది. బిషప్పు లేకుండా, ఎన్నుకున్న పెద్దలు కూర్చుని నడిపే సంఘం ప్రెస్బిటేరియన్ సంఘం. ఊరి పెద్దల సభ మీద ప్రాంతపు సభ, దాని మీద సినడు, ఇట్లా మెట్లు మెట్లుగా ఉంటుంది. స్కాట్లాండులో వేళ్ళూనిన పద్ధతి ఇది. 1837లో మద్రాసులో బడి పెట్టిన జాన్ ఆండర్సన్ ఆ సంఘంవాడే. ఆ బడే పెరిగి మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయింది. నెల్లూరులోనూ వాళ్ళు బడి నడిపారు. కానీ వాళ్ళ చూపు పట్నం మీద, ఇంగ్లీషు చదువు మీద. మన మెట్ట పల్లెల్లో పాదుకున్నది వాళ్ళు కాదు.

ఇక్కడికొచ్చినవాళ్ళు అమెరికన్ బాప్టిస్టులు. శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. చాలా ఏళ్ళు చెప్పుకోదగ్గ ఫలితం లేదు. 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరంలో జరిగిన సభలో ఈ మిషను మూసేద్దామా వద్దా అని వాదులాడుకున్నారు. పటంలో నెల్లూరు ఒంటరి చుక్కలా ఉందన్న మాట పట్టుకుని ఆ సభలోని శామ్యూల్ స్మిత్ ఆ రాత్రే కవిత రాశాడు. మిషను మూతపడలేదు, 'ఒంటరి నక్షత్రం' అన్న పేరు మాత్రం నిలిచిపోయింది. ఆ తర్వాత ఉదయగిరిలో 1885లో, ఆత్మకూరులో 1893లో మిషను స్టేషన్లు వెలిశాయి.

బాప్టిస్టుకు గుర్తు నీళ్ళు. ప్రెస్బిటేరియన్లు పసిబిడ్డ తల మీద చిలకరిస్తారు. వీళ్ళు బుద్ధెరిగి ఒప్పుకున్నవాణ్ణి నిలువునా ముంచుతారు. ఇక్కడే నాకు నవ్వొస్తుంది. ముంచే సంఘం వచ్చి పడింది ఎక్కడ? తాగేనీళ్ళకే వెతుక్కునే ఉదయగిరి మెట్టలో! ఆత్మకూరు వాళ్ళకు పెన్న అండ ఉంది. కొండకింది పల్లెవాళ్ళకు చెరువో, దిగుడుబావో కావాలి. ఆ రోజుల్లో ఆ చెరువూ బావీ సంఘంలో చేరిన మాదిగవాడు తాకకూడనివి. బాప్తిస్మం ఎక్కడ ఇవ్వాలన్న మాట రాగానే, నీళ్ళెవరివి అన్న మాట కూడా వస్తుంది. ఇది దైవశాస్త్ర గ్రంథాల్లో దొరకదు.

ఇక పెద్దల సంగతి. బాప్టిస్టు లెక్కన ఏ ఊరి సంఘం ఆ ఊరిదే, సభ్యులందరిదీ సమానమైన ఓటు. కాగితం మీద అంతే. కానీ 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్యను చూడండి. కనిగిరి ప్రాంతపు తాళ్ళకొండపాడు మాదిగాయన. 1970 దాకా కనిగిరి మన జిల్లాలోదే. ఆయన అంతకు ముందే యోగమార్గం పట్టినవాడు, శిష్యులున్నవాడు. ఆయన మాట పల్లె విన్నది గురువు మాట కాబట్టే. సంఘంలో చేరేవాళ్ళకు ఒంగోలు మిషను దొర క్లౌ పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వెట్టి చాకిరీ చేసే మనిషి ఆదివారం రానంటే కరణం ఊరుకుంటాడా? ఒక్కడు నిలవలేడు. పల్లె పెద్దలు కూర్చుని 'సరే' అంటేనే ఆ షరతు నిలుస్తుంది. క్లౌకు ఆ కిటుకు తెలుసు, పెద్దలతోనే మాట్లాడేవాడు.

అందుకే ఆ కుర్రవాడికి నా జవాబు: పేరుకు బాప్టిస్టులం, నడతలో సగం పెద్దల సంఘం. ఆ పెద్దరికం స్కాట్లాండు నుంచి రాలేదు, పల్లె రచ్చబండ నుంచి వచ్చింది. దాని మంచీ చెడ్డా రెండూ మనకు అంటుకున్నాయి. తగువు కోర్టుకెక్కకుండా తీరేది దానివల్లే. ఆడవాళ్ళ మాట మినిట్సులోకి ఎక్కకుండా పోయిందీ దానివల్లే. బైబిలు పట్టుకుని గడపగడపకూ నడిచిన బైబిల్ ఉమన్ పెద్దల వరసలో ఎన్నడు కూర్చుంది?

ఇక అసలు ప్రెస్బిటేరియన్ల సంగతి. 1908లో దక్షిణాది ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్ళు ఒకటయ్యారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో పలు సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయినప్పుడు వాళ్ళూ అందులోకి వెళ్ళిపోయారు. మనవాళ్ళు వెళ్ళలేదు. అక్కడి బిషప్పు పద్ధతీ, చిలకరింపూ బాప్టిస్టు నమ్మకానికి పొసగవు. తర్వాత నెల్లూరు కేంద్రంగా తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం ఏర్పడింది.

చివరగా ఒక మనవి. మీ ఇళ్ళల్లో, చర్చి బీరువాల్లో పాత మినిట్సు పుస్తకాలుంటే చెదలకు వదలకండి. వాటిలో తీర్మానం కన్నా కింద సంతకాలు చూడండి. ఎవరు చేవ్రాలు చేశారు, ఎవరు వేలిముద్ర వేశారు, ఏ ఏడు నుంచి వేలిముద్రలు తగ్గాయి. మన చరిత్ర నేను అక్కణ్ణుంచి మొదలుపెట్టి రాయాలనుకుంటున్నాను. పుస్తకాలు తెస్తే ఫొటో తీసుకుని ఆ పూటే తిరిగి ఇచ్చేస్తాను.