బాన నిండనిదే మోట పారదు

 

పైరుకు తెగులు తగిలితే ఆకు చూసి పసిగట్టగలవారు మీరు. మిరపతోటలో ఆకు ముడుచుకుంటే ఆ పూటే కదులుతారు. మరి మీ గుండె లయ తప్పితే ఎన్నాళ్ళకు కనుక్కుంటారు? ఈనాడు ఆ సంగతే ముచ్చటించుకుందాం.

పెదకాకాని పొలాల్లో మిరప కోతకు వెళ్ళిన అరవై ఏళ్ళ తల్లిని ఒకామెను ఊహించుకోండి. నిరుడు ఏకబిగిన సాలు చివరిదాకా కోసిన మనిషి, ఈ ఏడు పది మొక్కలు దాటకముందే ఆయాసపడి గట్టున కూర్చుంటున్నది. "వయసు మీద పడింది, ఎండ దెబ్బ" అంటారు ఇంట్లోవాళ్ళు. కావచ్చు. అయినా ఆమె మణికట్టు పట్టి చూడండి. ఒక దెబ్బ బలంగా, ఒకటి నీరసంగా, రెండు వెంటవెంటనే, ఆ తరువాత కొంత ఎడం - ఇట్లా వరస లేకుండా నాడి కొడుతుంటే అది కర్ణికల కంపనం కావచ్చు. డాక్టర్లు దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు.

గుండెకు నాలుగు గదులు. పైవి రెండూ కర్ణికలు, క్రిందివి రెండూ జఠరికలు. రక్తం పై గదుల్లో చేరి క్రిందికి దిగుతుంది. క్రింది గదులు దాన్ని ఊపిరితిత్తులకూ, ఒంటికీ తోస్తాయి. దిగే రక్తంలో చాలా భాగం తనంత తానే దిగుతుంది. పదిపాళ్ళలో రెండు మూడు పాళ్ళు మాత్రం చివరన పై గదులు ముడుచుకొని నెట్టాలి. ఈ జబ్బులో అవి ముడుచుకోవు. నిమిషానికి 350 నుండి 600 సార్లు ఊరికే వణుకుతాయి. ఆ చివరి తోపు కాస్తా పోతుంది. ఇది మొదటి నష్టం.

రెండవది వేగంవల్ల. మోట తోలిన రోజులు పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. ఎడ్లు వెనక్కి నడవాలి, బాన నూతిలో మునిగి నిండాలి, అప్పుడు తోలితే నిండు బాన పైకి వస్తుంది. మునగకముందే తోలితే? ఎడ్లు అలిసిపోతాయి, కాలవ తడవదు. గుండె కూడా రెండు దెబ్బల నడుమనే నిండుతుంది. మరీ వేగంగా, అస్తవ్యస్తంగా కొడితే నిండే వ్యవధి ఏదీ? అందుకే ఛాతీమీద విని లెక్కిస్తే 120 ఉన్న దెబ్బలు మణికట్టు దగ్గర 90 మాత్రమే తగలవచ్చు. సరిగా నిండని దెబ్బలు చేతిదాకా రావన్నమాట. వారాలు, నెలలు ఇట్లాగే పరుగెత్తితే గుండె కండరమే నీరసిస్తుంది.

చిన్ననాటి గొంతునొప్పి ముదిరి కీళ్ళవాతపు జ్వరం వచ్చి, గుండె ఎడమవైపు కవాటం ఇరుకైనవారికి ముప్పు మరీ ఎక్కువ. మడవ ఇరుకైతే నీరు దిగడానికి ఎక్కువసేపు పట్టదూ? ఆ వ్యవధి దొరకక రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలిచి ఆయాసం తెస్తుంది. కాబట్టి పిల్లల గొంతునొప్పిని తేలికగా తీసుకోకండి.

మూడవది అన్నిటికన్నా చెడ్డది. వణికే గదిలో రక్తం కదలక నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. కవాటం బాగున్నా, ఈ జబ్బువల్ల ఆ ప్రమాదం సుమారు అయిదు రెట్లు పెరుగుతుంది.

మరి చేయవలసిందేమిటి? నెలకొకసారి, విశ్రాంతిగా కూర్చుని, బొటనవ్రేలి మొదట మణికట్టుపై మూడు వ్రేళ్ళు ఆనించి నిండా ఒక నిమిషం లెక్కించండి. 60కి 100కి మధ్య, వరసగా ఉంటే మంచిది. వరస తప్పితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, గుంటూరు పెద్దాసుపత్రికో వెళ్ళి ఇ.సి.జి. తీయించండి. నొప్పి లేని పరీక్ష, కొద్ది నిమిషాల పని. వేగం తగ్గించే మందులున్నాయి, గడ్డకట్టనీయని మందులున్నాయి. "ఒంట్లో బాగానే ఉందిగా" అని మీ అంతట మీరు ఆపకూడదు. వార్ఫరిన్ వాడేవారు రక్తపరీక్ష తప్పకూడదు. గోంగూర, తోటకూర మానక్కరలేదు. ఒకనాడు గంపెడు, ఒకనాడు సున్నా కాకుండా సమంగా తినాలి. ఒళ్ళు నొప్పుల బిళ్ళలు డాక్టరును అడగకుండా కొని మింగకండి, రక్తస్రావం కావచ్చు.

మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా మర్దనాలు, పసర్లు అంటూ కూర్చోక వెంటనే 108కి ఫోను చేయండి. గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది.

విస్తరణ కార్యకర్తలారా! చేను చూడటానికి వెళ్ళినప్పుడు రైతు చెయ్యి కూడా ఒక నిమిషం పట్టి చూడండి. ఆ నిమిషం ఒక కుటుంబాన్ని నిలబెట్టవచ్చు.