అత్త అన్నం తినలేదా?



ఈ రోజు మతిమరుపు గురించి మాట్లాడుకుందాం.

మతిమరుపు అందరికీ ఉంటుంది. తాళంచెవి ఎక్కడో పెట్టి ఇల్లంతా వెతుకుతాం. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతాం. కాసేపటికి గుర్తుకొస్తుంది. అది జబ్బు కాదు.

కొందరు పెద్దవాళ్ళ సంగతి వేరు. అన్నం తింటారు. చేతి తడి ఆరకముందే "అన్నం పెట్టవా?" అంటారు. అరుగు మీద కూర్చుని, "నా కోడలు పొద్దుటినుంచి మెతుకు పెట్టలేదు" అని దారిన పోయేవాళ్ళకు చెప్పుకుంటారు. ఆ మాట ఊరంతా పాకుతుంది. నలుగురూ కోడలినే ఆడిపోసుకుంటారు.

ఇక్కడ తప్పెవరిది? కోడలు అన్నం పెట్టింది. అత్త అబద్ధమాడలేదు. తిన్న సంగతి ఆమె బుర్రలో నిలవలేదు. తప్పు ఇద్దరిదీ కాదు. అది జబ్బు. అలాంటి జబ్బుల్లో ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్స్.

ఈ జబ్బు ఎలా బయటపడింది?

జర్మనీ దేశంలో 1901లో ఒకామెను ఆసుపత్రికి తెచ్చారు. పేరు ఆగుస్టె. వయసు 51 ఏళ్ళు. అల్జీమర్ అనే డాక్టరు ఆమెను పేరు రాయమన్నాడు. "శ్రీమతి" అని రాసి ఆగిపోయింది. తర్వాత ఏం రాయాలో మరిచిపోయింది. పేరు రాయడం నేర్చుకోవడానికి ఎంత కష్టపడ్డారో మీకు తెలుసు. వచ్చిన పేరు చేజారిపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆమె 1906లో చనిపోయింది. డాక్టరు ఆమె మెదడును పరీక్షచేసి చూశాడు. మెదడు కుంచించుకుపోయి ఉంది. లోపల చాలా కణాలు చచ్చిపోయి ఉన్నాయి. తర్వాత ఆ డాక్టరు పేరే జబ్బుకు పెట్టారు.

కనుక ఇది గాలి సోకడం కాదు. చేతబడి కాదు. చేసిన పాపం కాదు. అంటుజబ్బు కూడా కాదు. తాయెత్తులకు డబ్బు తగలెయ్యకండి.

మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో సుమారు 88 లక్షల మందికి ఇలాంటి మతిపోయే జబ్బులున్నాయని 2023లో అచ్చయిన ఒక లెక్క చెప్పింది. అంటే 100 మందిలో ఏడుగురు. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఎక్కువ. పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువ.

ఎలా గుర్తుపట్టాలి?

అడిగిందే అడుగుతారు. తెలిసిన వీధిలోనే దారి తప్పుతారు. డబ్బు లెక్క తెలియదు. ఎన్నో ఏళ్ళు వండిన పప్పుచారు ఎలా కాచాలో మరిచిపోతారు. వస్తువు తామే దాచి, ఎవరో దొంగిలించారంటారు.

ఇలా ఉంటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. థైరాయిడు తేడా చేసినా, బి12 విటమిను తగ్గినా, మనసులో దిగులు పట్టుకున్నా మతిమరుపు వస్తుంది. వీటికి వైద్యం ఉంది. అందుకే పరీక్ష చేయించాలి. అల్జీమర్స్ ను పూర్తిగా నయం చేసే మందు లేదు. కొన్నాళ్ళు కాస్త తేలిక చేసే మందులున్నాయి.

ఇంట్లో ఏం చెయ్యాలి?

"ఇప్పుడేగా తిన్నావు!" అని వాదించకండి. వాదించినా గుర్తురాదు. "అలాగే అత్తమ్మా, పెడతాను" అనండి. ఒక అరటిపండో, గ్లాసెడు మజ్జిగో చేతికివ్వండి. పురుగుమందు డబ్బాలు అందకుండా పెట్టండి. గ్యాసు కట్టెయ్యండి. పేరు, ఊరు, ఫోను నెంబరు ఒక గుడ్డముక్క మీద రాసి జాకెట్టుకు కుట్టండి. దారి తప్పితే ఎవరైనా చదివి ఇల్లు చేరుస్తారు. మీరు నేర్చిన అక్షరాలు ఇలా కూడా పనికొస్తాయి.

మరి చూసుకునే మనిషి సంగతి?

రాత్రి నిద్ర లేదు. కూలికి పోవడానికి లేదు. పుట్టింటికి పోవడానికి లేదు. స్నానం చేయించడం నుంచి బట్టలు ఉతకడం దాకా అన్నీ ఆమే. పైగా ఊరి మాటలు. ఒక్కోసారి విసుక్కుంటుంది. తర్వాత కూర్చుని ఏడుస్తుంది. ఆమె చెడ్డది కాదు, అలసిపోయింది.

కన్నతల్లిని చూసుకోవడం కొడుకు పని కూడా. రాత్రి లేవడం, ఆసుపత్రికి తీసుకుపోవడం అతనూ చెయ్యాలి. ఆడబిడ్డ వచ్చినప్పుడు వంకలు వెతకడం కాదు, నాలుగు రోజులు ఉండి వదినకు విశ్రాంతి ఇవ్వాలి.

ఇరుగుపొరుగు చేయగలిగిందీ ఉంది. "అత్తకు అన్నం పెట్టదంట" అని ఎవరైనా అంటే, ఆ మాట ఇంకొకరికి చెప్పకండి. ఆ ఇంటికి వెళ్ళండి. నిజంగానే అన్నం పెట్టని ఇళ్ళూ ఉన్నాయి. వెళ్ళి చూస్తే ఏది నిజమో తెలుస్తుంది. అత్తకు జబ్బయితే, కోడల్ని "నువ్వు తిన్నావా?" అని అడగండి. ఒక పూట ఆ పెద్దమ్మ దగ్గర కూర్చోండి. ఆ పూట కోడలు కంటినిండా నిద్రపోతుంది.

రెండు నెంబర్లు గోడ మీద రాసిపెట్టుకోండి. పెద్దవాళ్ళ ఇబ్బందులకు 14567. మనసు బాగా లేనప్పుడు, దిగులు పట్టలేనప్పుడు 14416. ఇది చూసుకునే మనిషికి కూడా. రెండూ ప్రభుత్వానివే. డబ్బు అక్కరలేదు. తెలుగులో మాట్లాడొచ్చు.

ఈసారి పొదుపు సంఘం కూర్చున్నప్పుడు ఒక్క మాట అడగండి: ఊళ్ళో ఇలాంటి ఇల్లు ఏదైనా ఉందా? ఉంటే వారానికి రెండు పూటలు వంతులు వేసుకోండి. ఎవరి వంతు ఏ రోజో కాగితం మీద మీరే రాయండి.